మాగని తొట్టి – ఊడ్చే చేప

గాజుతొట్టిలో రంగుచేపలను పెంచే ముచ్చట పట్టణాలలోని ఇళ్లనుండి ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలకు కూడ ప్రాకినది. సామాన్యశాస్త్రం బోధించే గదిలో ఒక మూల రెండడుగుల తొట్టి, దానిలో ప్లాస్టిక్ మొక్క, బుడగలు విడిచే గొట్టం, నాలుగు బంగారుచేపలు – ఇది చాలాచోట్ల కనిపించే దృశ్యమే. తొట్టి వచ్చిన రోజున తరగతి అంతా దాని చుట్టు మూగుతుంది. రెండవ వారంలో ఒక చేప వెల్లకిల తేలుతుంది. మూడవ వారం ముగిసేసరికి మిగిలినవి కూడ పోతాయి. తొట్టిని కడిగి బోర్లిస్తారు, లేదా కొత్త చేపలను తెచ్చి అదే కథను మళ్లీ మొదటినుండి నడిపిస్తారు. దోషం నీళ్లదని కొందరు, మేతదని కొందరు, అద్దాన్ని వేళ్లతో తట్టిన పిల్లలదని మరికొందరు అంటారు.

చేపలతోపాటు దుకాణంలో రెండు సలహాలు ఉచితంగా లభిస్తాయి. నీరు పోసి ఒకరోజు ఉంచి, తేటపడగానే చేపలను వదలవచ్చునన్నది మొదటిది. అడుగున చేరిన మురికిని తినడానికి ఒక క్యాట్ ఫిష్‌ను వేసుకొంటే తొట్టి శుభ్రంగా ఉంటుందన్నది రెండవది. ఈ రెండింటినీ దుకాణదారు కల్పించలేదు. చేపల పెంపకంపై వచ్చిన చిన్న చిన్న కరదీపికలలో ఇవి తరతరాలుగా అచ్చవుతూనే ఉన్నవి. చదువుకున్న ఉపాధ్యాయులు కూడ వీటిని శంకించరు. నత్రజని చక్రాన్ని నల్లబల్లపై బాణపుగుర్తులతో చక్కగా గీసి చూపే ఉపాధ్యాయుడు, పది అడుగుల దూరంలోనే ఉన్న తొట్టిలో అదే చక్రం తెగిపోయి చేపలు చస్తున్న సంగతిని గమనించకపోవడం విచిత్రమే.

ఈ సలహాలకు ఒక గౌరవనీయమైన పూర్వచరిత్ర ఉన్నది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు లండనులోని కెమికల్ సొసైటీకి ఒక ప్రయోగాన్ని నివేదించాడు. ఒక గాజుపాత్రలో నీరు, ఇసుక, మట్టి వేసి, రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచాడు. నీటిద్వారా పరాగసంపర్కం జరుపుకొనే మొక్కగా వృక్షశాస్త్ర విద్యార్థులందరికీ పరిచయమైన వాలిస్నేరియాయే అది. మొక్క విడిచే ఆమ్లజని చేపకు, చేప విడిచే బొగ్గుపులుసు వాయువు మొక్కకు పనికివచ్చినవి. కాని మొక్క ఆకులు కుళ్లి నీరు మురికి కాసాగినది. అప్పుడు ఆయన కొన్ని నీటినత్తలను వదిలాడు. అవి కుళ్లిన ఆకులను తిన్నవి, నీరు తేటపడినది, పాత్రలో జీవనం నిరాటంకంగా సాగినది. 'సమతూకపు అక్వేరియం' అనే భావం ఇక్కడనుండే లోకంలో వ్యాపించినది. తేటనీరు క్షేమానికి గుర్తు అన్న మాటకూ, శుభ్రపరచే ప్రాణి ఒకటి తొట్టిలో ఉండాలన్న మాటకూ మూలం ఇదే. నాటి నత్త స్థానంలోకి నేడు క్యాట్ ఫిష్ వచ్చి కూర్చున్నది.

వారింగ్టన్ ప్రయోగంలో తప్పు లేదు. ఆయన లెక్కలోకి తీసుకొన్నది ఆమ్లజనిని, బొగ్గుపులుసు వాయువును మాత్రమే. నత్రజని సంగతి నాటికి తెలియదు. చేపలు రెండే ఉండడంవల్ల, మొక్క బాగా పెరగడంవల్ల, ఎవరూ రోజుకు మూడుసార్లు మేత చల్లకపోవడంవల్ల ఆ లోపం బయటపడలేదు. శిష్యులు ఈ మూడు నియమాలనూ విడిచిపెట్టి, సిద్ధాంతాన్ని మాత్రం పట్టుకొన్నారు. విమర్శ చేరవలసినది గురువుకు కాదు.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు శరీరంలో విచ్ఛిన్నమై అమోనియాగా మారుతాయి. ఆ అమోనియాలో ఎక్కువభాగం మొప్పలద్వారా నీటిలోకి నేరుగా పోతుంది. అది కంటికి కనిపించదు, నీటి రంగు మార్చదు. లెక్క కట్టి చూస్తే విషయం స్పష్టపడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో గులకరాళ్ల చోటు పోగా సుమారు 50 లీటర్ల నీరు ఉంటుందనుకోవచ్చును. రోజుకు ఒక గ్రాము మేత వేస్తే, దానిలో 40 శాతం మాంసకృత్తులు ఉన్న పక్షంలో, 400 మిల్లీగ్రాముల మాంసకృత్తులు తొట్టిలో పడినట్లు. మాంసకృత్తుల బరువులో దాదాపు 16 శాతం నత్రజని కాబట్టి అది 64 మిల్లీగ్రాములు. ఇందులో సగానికి కొంచెం తక్కువగా, 30 మిల్లీగ్రాములు అమోనియా రూపంలో నీటిలో కలిసినదనుకొంటే, లీటరుకు రోజుకు 0.6 మిల్లీగ్రాము చేరుతుంది. వారానికి 4 మిల్లీగ్రాములు దాటుతుంది. నీరు మాత్రం అద్దంలా తేటగానే ఉంటుంది.

అమోనియా అంతా ఒకే విధంగా విషం కాదు. నీటిలో అది రెండు రూపాలలో ఉంటుంది: విద్యుదావేశం కల అమోనియం అయాను, ఆవేశం లేని అమోనియా. మొప్పలను సులభంగా దాటి హాని చేసేది రెండవది. ఈ రెండింటి నిష్పత్తిని నీటి పి.హెచ్., ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 28 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పి.హెచ్. 7 ఉన్న నీటిలో ఆవేశం లేని అమోనియా మొత్తంలో ఒక శాతమైనా ఉండదు. పి.హెచ్. 8 ఉన్న నీటిలో అది ఆరు శాతం దాటుతుంది. పైన లెక్కించిన 4 మిల్లీగ్రాములలో ఆరు శాతమంటే లీటరుకు పావు మిల్లీగ్రాము. చేపల పెంపకంలో 0.02 మిల్లీగ్రాము దాటితేనే జాగ్రత్త పడవలెనని చెప్పడం వాడుక. ఇది దానికి పదిరెట్లకు మించినది. తెలుగునాట బోరుబావుల నీరు చాలాచోట్ల కఠినజలం, క్షారగుణం కలది, వెచ్చనిది. చల్లని దేశాలలో మృదుజలంతో చేపలు పెంచినవారు వ్రాసిన సలహాను ఇక్కడ అట్లే అనుసరిస్తే నష్టం ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఒక తొట్టిలో బ్రతికిన చేప పక్క ఊరి తొట్టిలో చావడానికి కూడ కారణం తరచుగా ఇదే.

ఇక తెగిన చక్రాన్ని అతికేవారెవరు? సమాధానం మొదట లభించినది అక్వేరియంలో కాదు, మురుగునీటిలో. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవైన గొట్టంగుండా మురుగునీటిని మెల్లగా పంపారు. సుమారు ఇరవై రోజులపాటు అమోనియా ఎట్లా లోపలికి పోయినదో అట్లే బయటికి వచ్చినది. పిమ్మట హఠాత్తుగా నైట్రేటు కనిపించసాగినది. ఇది వట్టి రసాయనచర్య అయితే ఇరవై రోజులు ఆగవలసిన పని లేదు. వారు గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరిని పంపగానే నైట్రేటు తయారు కావడం నిలిచిపోయినది. తరువాత కొద్దిగా తోటమట్టి కలిపిన నీటిని పోయగా మళ్లీ ప్రారంభమైనది. క్లోరోఫారంతో మత్తెక్కేది, మట్టితో తిరిగి ప్రవేశించేది జీవమే కావలెను. కొత్త తొట్టిలో మొదటి మూడు వారాలలో జరిగే కథ అంతా ఈ ఒక్క ప్రయోగంలో ఉన్నది. అక్వేరియం పుస్తకాలు దీనిని ప్రస్తావించకపోవడం వాటి పెద్ద లోపాలలో ఒకటి.

ఈ కథలో మరొక ముచ్చట ఉన్నది. ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయంలో ఈ విషయంపై సంవత్సరాల తరబడి పనిచేసి, అమోనియా నైట్రైటుగానూ, నైట్రైటు నైట్రేటుగానూ మారడం రెండు వేరు సూక్ష్మజీవుల పనియని చూపినవాడు కూడ రాబర్ట్ వారింగ్టనే – సమతూకపు అక్వేరియం నిర్మించిన వారింగ్టన్ కుమారుడు, తండ్రి పేరే పెట్టుకొన్నవాడు. తండ్రి తొట్టిలో కనిపించకుండా పోయిన సగం వివరణను కుమారుడు పొలం మట్టిలో కనుగొన్నాడు. ఆ సూక్ష్మజీవులను వేరుపరచి పెంచే ఘనత 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీకి దక్కినది. కాని నేలకు సంబంధించిన శాస్త్రం వ్యవసాయ గ్రంథాలలోను, తొట్టికి సంబంధించిన సలహా వినోద గ్రంథాలలోను చాలాకాలం విడివిడిగా ఉండిపోయినవి.

ఈ సూక్ష్మజీవులు తొట్టిలో నెలకొనేవరకు ఆగడాన్ని ఆంగ్లంలో 'సైక్లింగ్' అంటారు. ఆ మాట వినగానే విద్యార్థికి తొక్కే సైకిలు గుర్తుకు వస్తుంది. చక్రం సంగతి తోచదు. తెలుగు రైతుకు ఇంతకంటె మంచి మాట తెలుసు. పచ్చిపేడను పైరుకు వేయరు, మాగిన ఎరువునే వేస్తారు. పచ్చి ఎరువు దిబ్బవద్ద ముక్కును మండించే వాసన అమోనియాదే. తొట్టిని కూడ మాగనివ్వవలెను. మాగని తొట్టిలో చేపలను వేయడం పచ్చి ఎరువులో నారు నాటినట్లే.

మాగడంలో మొదట అమోనియా పెరుగుతుంది. దానిని తినే సూక్ష్మజీవులు హెచ్చగానే అది తగ్గి నైట్రైటు పెరుగుతుంది. నైట్రైటు మరొక విషం. మొప్పలద్వారా రక్తంలో చేరి, ఎర్రరక్తకణాలలోని హిమోగ్లోబినును ఆమ్లజని మోయలేని రూపానికి మార్చుతుంది; రక్తం గోధుమవర్ణానికి తిరుగుతుంది. నీటిలో ఆమ్లజని సమృద్ధిగా ఉన్నప్పటికీ చేప ఊపిరాడక గిలగిలలాడుతుంది. చివరకు నైట్రైటును నైట్రేటుగా మార్చేవి కూడ నెలకొన్నప్పుడు తొట్టి మాగినట్లు. సాధారణంగా ఇందుకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఇంత ఆలస్యమెందుకని అడిగే విద్యార్థికి సమాధానం ఇది: పేగులలో ఉండే కోలై బాక్టీరియా అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకు ఒకసారి రెండింతలు కాగా, అమోనియాతో బ్రతికే బాక్టీరియాకు అందుకు చాలా గంటలు, కొన్నిటికి రోజు కూడ పడుతుంది. అమోనియానుండి వాటికి లభించే శక్తి అంత స్వల్పం.

ఇక్కడ పాఠ్యపుస్తకాలను కూడ కొంచెం తప్పుపట్టక తప్పదు. అమోనియాను నైట్రైటుగా మార్చేది నైట్రోసోమోనాస్, నైట్రైటును నైట్రేటుగా మార్చేది నైట్రోబాక్టర్ అని జత పేర్లు కంఠస్థం చేయిస్తారు. ప్రయోగశాలలో సులభంగా పెరిగిన జీవులు ఇవి కావడంచేత గ్రంథాలకెక్కినవి. 1996లో హోవనెక్, డిలాంగ్ అనే పరిశోధకులు మంచినీటి అక్వేరియాలను జన్యుపదార్థం ఆధారంగా పరిశీలించగా నైట్రోబాక్టర్ జాడ దొరకలేదు. నైట్రైటు పని చేస్తున్నది నైట్రోస్పైరా జాతివని 1998లో తేలినది. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చాలా మంచినీటి తొట్ల వడపోతలలో అమోనియాను మార్చేవాటిలో బాక్టీరియాకంటె ఆర్కియా అనే వేరు వర్గపు సూక్ష్మజీవులే ఎక్కువగా ఉన్నవని చూపారు. 2015లో నెదర్లాండ్సులోను, ఆస్ట్రియాలోను వేరువేరుగా జరిగిన పరిశోధనలవల్ల అమోనియాను నైట్రేటువరకు ఒంటరిగా మార్చగల నైట్రోస్పైరాలు కూడ ఉన్నవని వెల్లడైనది. డచ్చివారికి అది దొరికినది చేపల పెంపకపు వడపోతలోనే. వినోగ్రాడ్‌స్కీ కాలంనుండి రెండు అంచెలకు ఇద్దరు పనివారని చెప్పిన పాఠానికి చేపలతొట్టే మినహాయింపు చూపినది. ఈ సంగతిని పరీక్షకు అడగకపోయినా తరగతిలో చెప్పవచ్చును. జత పేర్లకంటె ఆసక్తికరమైనది ఇదే.

సీసాలలో అమ్మే సూక్ష్మజీవుల ద్రావకాలను కూడ ఈ వెలుగులోనే చూడవలెను. సీసాలో ఉన్నవి తొట్టిలో నిజంగా పనిచేసే జాతులేనా, దుకాణం అరలో ఎండకాలమంతా ఉండి కూడ బ్రతికి ఉన్నవా అన్నది పైకాగితం చెప్పదు. అమోనియా పరీక్షే చెప్పగలదు. అంతకంటె నమ్మదగినది ప్రతి వంటింట్లోనూ తెలిసిన పద్ధతి – తోడు వేయడం. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టిలోని వడపోత స్పాంజి ముక్కనో, గుప్పెడు గులకరాళ్లనో తడి ఆరకుండా తెచ్చి కొత్త తొట్టిలో వేస్తే మాగే కాలం సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె కూడ తగ్గుతుంది. ష్లోసింగ్, మ్యుంట్జ్‌లు తోటమట్టితో చేసినది కూడ తోడు వేయడమే. అయితే రాత్రి తోడువేస్తే తెల్లవారేసరికి తోడుకొనే పెరుగుతో దీనిని పూర్తిగా పోల్చరాదు. రోగం ఉన్న తొట్టినుండి తోడు తెస్తే రోగం కూడ వస్తుంది.

మాగబెట్టడానికి 'గట్టి' చేపలను ముందు వదలమని కొన్ని పుస్తకాలు చెబుతాయి. జీబ్రా డానియోలను, బంగారుచేపలను ఇందుకు బలిచేస్తారు. గట్టి చేప అంటే బాధపడని చేప కాదు. చావడానికి ఎక్కువకాలం పట్టే చేప అని మాత్రమే అర్థం. మొప్పలు దెబ్బతిని బ్రతికి బయటపడిన చేప తరువాత చిన్న రోగానికే లొంగిపోతుంది. అమోనియాకు చేపే కావలెనన్న నియమం లేనప్పుడు ఈ హింస అనవసరం. కళాయి పోసేవారు వాడే నవాసారం, అనగా అమోనియం క్లోరైడు, పాఠశాల ప్రయోగశాలలో శుద్ధరూపంలోనే ఉంటుంది. 50 లీటర్ల నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమోనియా-నత్రజని రావడానికి 380 మిల్లీగ్రాములు చాలు. అది తగ్గినప్పుడల్లా మళ్లీ అంతే వేస్తూ, ఒకసారి వేసినది 24 గంటలలో అమోనియా, నైట్రైటు రెండూ మిగలకుండా పూర్తిగా మారేవరకు ఆగితే తొట్టి సిద్ధమైనట్లు.

ఇందులో రెండు జాగ్రత్తలు కలవు. ఒక మిల్లీగ్రాము అమోనియా-నత్రజని నైట్రేటుగా మారడానికి సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆమ్లజని ఖర్చవుతుంది. 2 మిల్లీగ్రాములకు 9 మిల్లీగ్రాములు దాటుతుంది. 28 డిగ్రీల వద్ద లీటరు నీరు గాలినుండి గ్రహించి ఉంచుకోగల ఆమ్లజని 8 మిల్లీగ్రాముల లోపే. అంటే నీటిలో ఉన్నదంతా వాడినా చాలదు. గాలి గొట్టం ఎడతెగకుండా పనిచేయవలెను. కరెంటు చాలాసేపు పోయిన రోజున చేపలకంటె ముందు వడపోతలోని ఈ జీవులను తలచుకోవలెను. రెండవది క్లోరిను. మునిసిపాలిటీ కుళాయి నీటిలోని క్లోరిను బాక్టీరియాను చంపడానికే వేసినది. అది మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అన్న తేడా చూడదు. ఇనస్పెక్షను ఉన్నదని తొట్టిని 'శుభ్రం' చేయించి, వడపోత స్పాంజిని కుళాయి కింద తెల్లగా పిండించి, వారం తరువాత చేపలు చచ్చినవని ఆశ్చర్యపోయే పాఠశాలలు లేకపోలేదు. స్పాంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే కొద్దిగా జాడించవలెను. క్లోరినుకు ఫోటోగ్రాఫరు వాడే హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు, విరుగుడు.

ఇక రెండవ సలహా – ఊడ్చే చేప. ఇది మొదటిదానికంటె వింతైనది; ఎందుకంటే ఇది పదార్థ నిత్యత్వ నియమానికే విరుద్ధం. అడుగున పడి ఉన్న మేతను క్యాట్ ఫిష్ తింటే, ఆ మేతలోని నత్రజని ఎక్కడికి పోతుంది? కొంత దాని ఒంటికి పడుతుంది. మిగిలినది దాని మొప్పలనుండి అమోనియాగా అదే నీటిలోకి వస్తుంది. కుళ్లడానికి రోజులు పట్టే మేతను గంటలలో అమోనియాగా మార్చిన ఘనత మాత్రమే దానిది. నత్రజనిని తొట్టినుండి బయటికి పంపేది కొంత నీరు తీసి కొత్త నీరు పోసే మనిషి. లేదా పెరుగుతున్న మొక్క, దానినైనా కత్తిరించి పారవేసినప్పుడు. మొక్కలు చాలావరకు నైట్రేటుకంటె అమోనియంనే ముందుగా గ్రహిస్తాయని 1999లో వెలువడిన డయానా వాల్‌స్టాడ్ గ్రంథం వివరంగా చర్చించినది. దట్టంగా మొక్కలు, కొద్దిపాటి చేపలు ఉన్న తొట్టి నవాసారం అక్కరలేకుండానే నిలదొక్కుకోవచ్చును. వారింగ్టన్ తొట్టి నిలిచినది అట్లాగే. ప్లాస్టిక్ మొక్కకు ఈ శక్తి లేదని వేరే చెప్పనక్కరలేదు.

క్యాట్ ఫిష్ అనే పేరు పిల్లిమీసాలను పోలిన స్పర్శశృంగాలవల్ల వచ్చినది. తెలుగువారికి ఈ వర్గం కొత్తది కాదు. జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి అన్నీ ఇందులోనివే. ఈ పేర్లు వింటేనే ఊడ్చే చేప అనే ఊహ ఎంత తప్పో తెలుస్తుంది. వాలుగ కరుడుగట్టిన వేటచేప. జెల్ల చిన్నచేపలను వదలదు. ఇంగిలాయి ముల్లు విషపుముల్లు. దానిని పిల్లల తొట్టిలో పెట్టడం తగదు. మీసాలు ఉన్నంతమాత్రాన చెత్త తినే చేప కాదు. మసకనీటిలో ఆహారాన్ని తడిమి, రుచి చూసి వెదుక్కొనే చేప.

దుకాణాలలో చవకగా దొరికే మూడు రకాలను గురించి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. 'షార్క్' పేరుతో అమ్మే వెండిరంగు చేపపిల్ల సొరచేప కాదు, పంగాసియస్. కొల్లేరు చుట్టుపక్కల చెరువులలో టన్నులకొద్దీ పెంచి మార్కెటుకు పంపే పంగాసే అది. కిలోలు తూగే చేపను రెండడుగుల తొట్టిలో పెంచాలనుకోవడం, దూడను గంపలో పెంచాలనుకోవడంవంటిది. ఎర్రతోక క్యాట్ ఫిష్ అమెజాను నదిది. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది, పెద్దదైతే మీటరు దాటుతుంది.

మూడవది 'సక్కర్' అని పిలిచే టెరిగోప్లిక్తిస్. ఊడ్చే చేప అన్న బిరుదు ఎక్కువగా దీనికే చెల్లుతున్నది. అద్దానికి నోటితో అతుక్కొని నాచు గీకడం చూడ ముచ్చటైనదే. కాని ఇది దక్షిణ అమెరికానుండి వచ్చిన, 40, 50 సెంటీమీటర్ల వరకు పెరిగే చేప. తినేదానికి తగినట్లు విసర్జించేది. ఏడాదిలో తొట్టి చాలదు. అప్పుడు యజమాని దయతలచి దానిని చెరువులోనో కాలువలోనో వదులుతాడు. ఆ దయ ఫలితం నేడు కృష్ణాతీరపు జాలరులకు తెలుసు. ఒళ్లంతా ఎముక పలకలు, గరుకు ముళ్లు గల ఈ చేప వలలో పడితే వల చిరుగుతుంది, చేపకు ధర రాదు. దెయ్యం చేప అని పేరు పెట్టారు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు త్రవ్వడంవల్ల గట్లు కూడ గుల్లవుతాయి. నీటిలో కలిసిన డి.ఎన్.ఏ. జాడనుబట్టి దీనిని గుర్తించే పద్ధతిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు రూపొందించి, తూర్పు కనుమల జలాశయాలలో ఇది విస్తారంగా వ్యాపించినదని 2023లో తెలిపారు. తొట్టి శుభ్రతకోసం కొన్న చేప నదిని పాడుచేసినది. ఈ ఒక్క కారణంచేతనే పాఠశాల తొట్టిలో దీనికి చోటు ఉండరాదు. ఇప్పటికే ఉన్నచోట పెద్ద తొట్టి గలవారికి ఇవ్వవచ్చునేగాని నీటివనరులలో వదలరాదు.

అట్లని క్యాట్ ఫిష్‌లే తగవని కాదు. సేవకుడుగా కాక, తన అవసరాలు తనకున్న ప్రాణిగా చూసినప్పుడు వీటిలో చక్కని సహవాసులు ఉన్నవి. అన్నిటిలోను తగినది కోరిడోరాస్ వర్గం. 2024లో శాస్త్రజ్ఞులు ఈ పెద్ద ప్రజాతిని ఏడుగా విడదీశారు. డార్విను బీగిల్ యాత్రలో సేకరించగా 1842లో జెనిన్స్ వర్ణించిన మచ్చల కోరీ ఇప్పుడు హోప్లిసోమా అయినది. దుకాణంలో పాత పేరే నడుస్తున్నది. ఏడెనిమిది సెంటీమీటర్లు మించనివి, సాధుజీవులు, గుంపులో తిరిగేవి. ఒక్కటి కొనడం దానికి శిక్ష, ఆరయినా ఉండవలెను. ఇసుకలో ముక్కు దూర్చి వెదికే అలవాటుచేత పదునైన గులకరాళ్లు వీటికి పనికిరావు, సన్నని నది ఇసుక కావలెను. మిగిలిన మేత చాలదు. అడుగుకు మునిగే మేతను వీటికోసం వేరుగా వేయవలెను.

కోరీలు అప్పుడప్పుడు దూసుకొని పైకివచ్చి ఒక గుక్క గాలి మింగి పోతాయి. ఆ గాలిలోని ఆమ్లజనిని పేగు చివరిభాగం గ్రహిస్తుంది. ఆమ్లజని తక్కువైన నీటిలో కూడ ఇవి నిలబడగలగడం చూసి, కొత్త తొట్టిని మాగబెట్టడానికి ఇవే మంచివని కొందరు వ్రాశారు. ఇది తొందరపాటు నిర్ణయం. పేగుతో గాలి పీల్చినంతమాత్రాన మొప్పలలోకి వచ్చే అమోనియా ఆగదు; నైట్రైటు చేరి గోధుమవర్ణమైన రక్తం, పేగునుండి వచ్చిన ఆమ్లజనినైనా మోయలేదు. క్యాట్ ఫిష్‌లలో కొన్ని నైట్రైటుకు మరీ సులభంగా లోబడతాయని అమెరికాలో చెరువులలో పెంచే చానెల్ క్యాట్ ఫిష్‌వల్ల బాగా తెలిసినది. నీటిలో కొద్దిగా ఉప్పు కలిపితే క్లోరైడు అయాన్లు మొప్పలవద్ద నైట్రైటుకు అడ్డుపడతాయి. ఇది ఆపద్ధర్మమేగాని మాగడానికి ప్రత్యామ్నాయం కాదు.

ఒటోసింక్లస్ అనే అంగుళమున్నర చేప నిజంగానే నాచు తింటుంది. ఆ కారణంచేతనే అది కొత్త తొట్టిలో చస్తుంది. కొత్త తొట్టిలో నాచు ఎక్కడిది? శుభ్రమైన గాజు దానికి కరువు నేల. తొట్టి కొన్ని నెలలు పాతబడి, ఆకులపైన, రాళ్లపైన సన్నని జీవపొర ఏర్పడిన తరువాతనే దానిని తేవలెను. సక్కర్‌కు బదులు నాచు గీకే చేపే కావలెనన్నవారికి నాలుగైదు అంగుళాలు మించని ఆన్సిస్ట్రస్ మేలు. దానికి నమలడానికి ఒక కొయ్యముక్క, వారానికి రెండుసార్లు దోసకాయ చెక్క వేయవలెను.

వేసవి సంగతి పుస్తకాలు పట్టించుకోవు. మచ్చల కోరీ చల్లని నీటి చేప. 23 డిగ్రీలు దాటితే దానికి సుఖం లేదు. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో పైకప్పు రేకులున్న గదిలో తొట్టినీరు 32 డిగ్రీలు చేరడం అసాధారణం కాదు. కోరీలలో వెచ్చదనాన్ని కొంత ఓర్చుకొనేది తెల్లచుక్కల స్టెర్బై రకం; తెలుగు జిల్లాల తొట్టికి దానినే ఎన్నుకోవడం వివేకం. పైగా వేసవి సెలవులలో మేత వేసేవారు, నీరు మార్చేవారు ఎవరన్నది తొట్టి కొనకముందే తేల్చుకోవలసిన ప్రశ్న.

జూన్‌లో పాఠశాల తెరిచిన వారంలోనే నీరు నింపి, గాలి గొట్టం, స్పాంజి వడపోత అమర్చి, నవాసారం వేసి, తొమ్మిదవ తరగతివారిచేత రెండురోజులకొకసారి అమోనియాను, నైట్రైటును పరీక్ష చేయించి గ్రాఫుకాగితంపై గుర్తింపజేస్తే, జూలై నెలాఖరుకు మూడు వంపుగీతలు సిద్ధమవుతాయి: ఒకటి ఎక్కి దిగినది, రెండవది దాని వెనుక ఎక్కి దిగినది, మూడవది నైట్రేటుది, దిగకుండా ఎక్కుతూనే ఉన్నది. పరీక్షకు నెస్లరు ద్రావకం వాడితే దానిలో పాదరసం ఉన్నదని గుర్తుంచుకొని, వాడిన ద్రవాన్ని తూములో పోయకుండా వేరుగా సీసాలో పట్టవలెను. చేపలవారు వాడే సాలిసిలేటు పరీక్షకు ఆ బెడద లేదు. మూడవ గీతను దించడానికి తొట్టినీటిలో సగానికి పైగా మార్చి, ఆగస్టు మొదటి వారంలో మూడు స్టెర్బై కోరీలను, రెండు వారాలు ఆగి మరి మూడింటిని వదలవచ్చును. చేపలు వచ్చిన తరువాత కూడ పరీక్ష మానరాదు. కొత్తగా వచ్చిన ప్రతి నోటికీ సరిపడా సూక్ష్మజీవులు పెరగడానికి మళ్లీ కొన్ని రోజులు పడుతుంది.